లేని వాలు

ఆఫీసులో ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు. ఇంటికి తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసే మనిషి. "నీ లాగుడుకి తలుపే ఊడొచ్చేట్టుందే" అని భర్త ఏడిపిస్తాడు. అయితేనేం, ఆ జబ్బే ఆమెకు కూడు పెడుతోంది. ఎక్కడో రెండు బ్లాక్‌హోల్స్ ఢీకొని ఒకటైపోతే, అప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు ఇక్కడి కొలత యంత్రాన్ని ఇసుమంత కదిలిస్తాయి. ఆ కదలికను పట్టుకుని వాటి బరువెంతో, అవి ఎంత దూరంలో ఉన్నాయో లెక్కకట్టడం ఆమె పని. బరువు ఇంత అని ఒక్క అంకె చెప్పి చేతులు దులుపుకుంటే కుదరదు, అది ఎంత తప్పి ఉండవచ్చో కూడా చెప్పాలి. అనుమానం లేనివాళ్ళకు ఆ పని అబ్బదు.

ఆ మధ్యాహ్నం వాళ్ళ బృందం కొత్త ఫలితం ప్రకటించబోతోంది. హాల్లో కుర్చీలు వేస్తున్నారు. ఫలితాన్ని గీతగా చూపుతూ గోడకు అతికించే బొమ్మ కోసం ఆమె తన లెక్కను మరోసారి తెరిచింది.

లెక్క మొదలుపెట్టే ముందు, బరువు ఇంతకు మించదని కంప్యూటరుకు ఒక హద్దు గీసి ఇవ్వాలి. గీసింది ఆమే, ఎప్పటి అలవాటు కొద్దీ. కంప్యూటరు ఆ హద్దు లోపలే వెతుకుతుంది. వచ్చిన జవాబులన్నీ ఇప్పుడు ఆ హద్దునే ఆనుకుని, మూసిన గేటు దగ్గర జనంలా ఎగబడి ఉన్నాయి. అసలు బరువు అవతల ఎంతైనా ఉండవచ్చు. ఇన్నాళ్ళూ అందరూ చూసిన బొమ్మలో మాత్రం గీత కొండలా లేచి నున్నగా దిగింది. బొమ్మ గీసే ప్రోగ్రాం హద్దు దగ్గర తెగిన అంచును నునుపు చేసి, లేని వాలును కల్పించింది.

చెబితే పరువు పోతుంది, కొలువూ పోవచ్చు. చెప్పకపోతే లోకమంతా తప్పు నమ్ముతుంది. లాప్‌టాప్ చేతపట్టుకుని బృందం పెద్దాయన గదిలోకి నడిచింది.

"ఆపించెయ్యండి సార్. హద్దు నేను తక్కువ పెట్టాను. ఈ బరువు తప్పు."

ఆయన తెర మీది లెక్కను చివరిదాకా చూశాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు, ఫోన్ తీసి ప్రకటన ఆపమన్నాడు.

"అందరూ సరిచూశామన్నారు కదా సార్, ఎవరికీ కనపడలేదా?" అంది.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు.

"నీ కంటపడకుండా ఏం పోతుందిలే అనుకున్నామమ్మా. నువ్వు చూశావంటే మళ్ళీ మేం చూసేదేముందని... నేనూ సరే అనేశాను. ఇదొక్కటే కాదు, ఇప్పటిదాకా ప్రకటించిన ఫలితాలన్నీ అంతే."

భయం తన సొంత జబ్బనుకుంది ఇన్నేళ్ళూ. వీళ్ళందరి వంతూ తనొక్కతే భయపడుతూ వచ్చిందని ఇప్పుడు తెలిసింది. ఆయన కూర్చోమనకుండానే ఎదుటి కుర్చీలో కూలబడింది.