మన ఎండకు నిలవని గిటారు

మొన్న మిట్టమధ్యాహ్నం ఆర్కెస్ట్రా వాళ్ళు ఒక ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి మా అంగడి బల్ల మీద పెట్టారు. వైరు దూర్చే చోట వదులైంది, అతకమన్నారు. పని చిన్నదే. అయినా టంకం కడ్డీ వేడెక్కే లోపల నా బొటనవేలు తనంతట తానే గిటారు మెడ అంచు వెంట పైనుంచి కిందికి పోయింది. ఆ మెడ మీద అడ్డంగా సన్నని లోహపు కమ్మీలు బిగించి ఉంటాయి. వీణకైతే మెట్లంటాం, గిటారుకు ఫ్రెట్లంటారు. ఎండకు చెక్క కుంచించుకుపోయి వాటి కొసలు అంచు దాటి బయటికి పొడుచుకొచ్చాయేమో, వేలు చురుక్కుమంది. నోట్లో పెట్టుకున్నాను. తీగల తుప్పూ నెత్తురూ కలిసిన ఆ రుచి నాలుకకు తగలగానే సుగుణమ్మ టీచరమ్మ గుర్తొచ్చారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మెడ మీద అట్లా వేలు నడపడం నాకు నేర్పింది ఆమే.

ఉరవకొండలో మాది మైకుసెట్టు అంగడి. నాయన పెట్టింది, నాకొచ్చింది. ఆంజనేయస్వామి తిరునాళ్ళకూ, దర్గా ఉరుసుకూ, చర్చిలో క్రిస్మస్ పాటలకూ అవే స్పీకర్లు, అదే ఆంప్లిఫయర్. దేవుళ్ళందరికీ నువ్వే గొంతు అరువిస్తాండావని మా ఆవిడ ఎగతాళి చేసేది. తొంభైల చివర్లో ఒక సాయంత్రం సుగుణమ్మ గారు పాత దుప్పటిలో ఏదో చుట్టుకుని అంగడికి వచ్చారు. ఆమె ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. పొడుగు మనిషి, గంజి పెట్టిన నూలుచీర, మాట కత్తితో కోసినట్టు ఉండేది. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది కూడా ఆమే. అప్పటిదాకా మైకు సరిగా పలకలేదని నన్ను తిట్టడానికి తప్ప ఆమె నాతో మాట్లాడిన గుర్తు లేదు. ఈసారీ తిట్లేనని సిద్ధపడ్డాను. దుప్పటి విప్పితే నీలంరంగు గిటారు బయటపడింది.

"ఏమప్పా నాగరాజూ, దీన్ని చూసి ఏం కనపడతాందో చెప్పు."

"గిటారు కనపడతాంది టీచరమ్మా."

"వంకర మాటలొద్దు. బండి నొగ సరిగా ఉండాదో లేదో ఎట్ల చూస్తారు? ఒక కన్ను మూసుకొని ఈ కొస నుంచి చూడు."

చూశాను. మెడ విల్లులా వంగి ఉంది. తీగలు చెక్కకు అంత ఎత్తున లేచిపోతే వేళ్ళు ఎంత నొక్కినా స్వరం పలకదని కూడా ఆమె అప్పుడే చెప్పారు. "వంగిపోయిండాది గదా, ఎవురు కొనుక్కొచ్చినారు ఇట్లాంటిదాన్ని?" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. "నేనే" అన్నారు.

వాళ్ళ చర్చిలో ఎక్కువమంది కూలి పనులకు పోయేవాళ్ళు. ఏటా కోత పండుగనాడు పంటలో మొదటి భాగం దేవునికని తెచ్చి ఇస్తారు. ఒకరు వేరుశనగ కాయలు, ఒకరు గుమ్మడికాయ, ఒకరు కోడి. అవన్నీ చర్చి ముందరే వేలం వేస్తారు. అట్లా వచ్చిన డబ్బుతో ఈమె బెంగళూరు పోయి, రంగు చూసి, అంగడివాడు వాయించి చూపిన పాటకు మురిసి ఆ నీలం గిటారు కొనుక్కొచ్చారు. మొదటి ఎండాకాలానికే మెడ వంగింది. "ఒక్కరంటే ఒక్కరు నన్ను ఏమీ అనలేదప్పా" అన్నారు. "ఒక ముసలామె గుడ్లు అమ్ముకొని బతుకుతాది. గుడ్లు పెట్టే పెట్టనే తెచ్చి ఇచ్చింది. ఆమె కూడా, పోనీలేమ్మా అనె. తిట్టింటే బాగుండు." ఇంకోసారి కొంటే మాత్రం మోసపోకూడదు, అందుకోసం గిటారు లోపలి సంగతంతా తెలుసుకోవాలి. చెక్క సంగతి తాను నేర్చుకుంటారట, కరెంటు సంగతి నేను చూసుకోవాలట. నేను ఒప్పుకోవడానికి ముందే దుప్పటి మడిచి వెళ్ళిపోయారు.

ఆ తరువాత చాలా సాయంత్రాలు మా అంగడి బల్ల మీద ఆ నీలం గిటారు శవపరీక్ష జరిగింది. నేను మరలు విప్పి తీగల కింద ఉండి అదురును పట్టే పికప్పులు, గుండీల వెనక వైర్లు చూపేవాణ్ణి. ఆమె వడ్రంగి దగ్గర కూర్చుని నేర్చుకొచ్చిన విషయాలు నాకు చెప్పేవారు. సరిగా ఆరని చెక్కను సముద్రం గాలి తగిలే ఊళ్ళో కోసి, రంగు కొట్టి మన ఊరికి పంపితే, ఇక్కడి పొడి గాలి దానిలోని తడినంతా పీల్చేస్తుంది. చెక్క ముడుచుకుంటుంది, ఇనుము ముడుచుకోదు. అందుకే ముందు అంచు తడమాలి. తరువాత మెడ ఒంటికి అతికిన చోట కాగితం దూరుతుందేమో చూడాలి. తీగలు బిగించే బిరడాలు తిప్పితే బరువుగా, ఒకే తీరుగా తిరగాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వైరు పెట్టకుండా ఒక్క తీగ మీటి, గిటారు ఒళ్ళు కడుపుకు ఆనించుకుని, చెక్కలో అదురు ఎంతసేపు నిలుస్తుందో వినాలి. ఒకసారి నేను, "కరెంటే సరిగా రాని ఊరికి కరెంటు గిటారు ఎందుకు టీచరమ్మా?" అని ఎకసెక్కం చేశాను. "కరెంటు లేనప్పుడే దాని నిజం తెలిసేది. కరెంటు వస్తే ప్రతిదీ బాగానే అరుస్తాది, నీ మైకు మాదిరి" అన్నారు. పనిని చూడడం నాకు అక్కడే అలవాటైంది. అంతవరకూ నేను వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి పంపేవాణ్ణి. ఆమె ఒకసారి నా అతుకు ఊడబెరికి, "ఇది రేపు మళ్ళా నీ దగ్గరికే వస్తాది, అదేనా నీకు కావాల్సింది?" అని అడిగారు. ఆనాటి నుంచి టేపు చుట్టి ఏ సరుకూ పంపలేదు.

రెండేళ్ళు కాస్త వానలు పడ్డాయి. కోత పండుగలో మళ్ళీ కొంత పోగైంది. అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, ఆ డబ్బు టీచరమ్మ చేతికే ఇచ్చారు. ఇద్దరం బస్సెక్కి బెంగళూరు పోయాం. మరీ చవకది కొంటే బొమ్మ, ఖరీదైనది మనకు అందదు, కాబట్టి మధ్యరకం. ఆ మధ్యరకంలోనే మంచిచెడ్డలు తేల్చడం కష్టమని ఆమె దారిపొడవునా చెబుతూ వచ్చారు. అంగడి నిండా గోడలకు గిటార్లు వేలాడుతున్నాయి. ఆమె కన్నడంలో అంగడాయనను ముందు స్పీకరు ఆపమన్నారు. ఆయన, సరుకు కొనడానికి వచ్చి చప్పుడు వద్దనే వాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు నా వంక చూశాడు. ఒక్కొక్కటీ దించడం, వేలు పోనివ్వడం, 'బేడప్పా', వద్దప్పా అని వెనక్కివ్వడం. వాటిలో ఒక ఎర్ర గిటారు మాత్రం ఆమె ఒడిలో ఎక్కువసేపు నిలిచింది. వెనక పలక తీసి నేను లోపల చూశాను. అతుకులు చక్కగా ఉన్నాయి, గుండీలు తిప్పితే గరగర లేదు. "నా తట్టు నుంచి ఇది పాసు టీచరమ్మా" అన్నాను.

అప్పుడామె స్పీకరుకు తగిలించమని, కళ్ళు మూసుకుని, చదువుకునే రోజుల్లో నేర్చుకున్న వేళ్ళతో ఒక పాట వాయించారు. వాళ్ళు తెల్లవారి ఆరాధనలో పాడే పాట. బడిలో పిల్లలు ఆమె ముఖం మీద నవ్వు చూసి ఎరుగరు. నేను ఆ రోజు చూశాను. ఆ గిటారు ఆమె కోసమే అక్కడ కూర్చుని ఉందనిపించింది. పాట అయిపోయింది. ఆమె కళ్ళు తెరిచి, జేబురుమాలుతో తీగలు తుడిచి, మళ్ళీ మెడ మొదట్లో వేలు పెట్టి చూశారు. అతుకు దగ్గర సన్నని సందు. ఒక బిరడా కొంచెం వదులు. చెక్క బరువులో ఇంకా తడి ఉందని కూడా అన్నారు.

"అమ్మా, ఈ ధరకు ఇంతకన్నా రాదు. మీరు చెప్పేవన్నీ నిజమే, అవన్నీ ఇంట్లో సర్దుకునేవే" అని అంగడాయన తెలుగులో బతిమాలాడు.

"మన ఎండకు ఇది నిలవదప్పా. ఆ ముసలామె ముందర ఇంకోసారి తలకాయ వంచుకొని నిలబడలేను" అని నాతో చెప్పి లేచారు. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాం. బస్సులో ఆమె కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. నాకు మాత్రం ఆమె మీద గౌరవం రెండింతలైంది. అంత ఇష్టపడి కూడా వద్దనగలిగిన మనిషిని అంతకుముందు చూడలేదు.

ఆ నెలలోనే గోరంట్ల చర్చివాళ్ళు అదే అంగడికి పోయి అదే ఎర్ర గిటారు కొన్నారని తెలిసింది. "మొదటి ఎండాకాలం దాటదు, చూస్తాండు" అన్నారు టీచరమ్మ. మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. ఆ పై ఏడు విత్తనం కూడా తిరిగి రాలేదు. కోత పండుగకు జనం ఉత్త చేతులతో వచ్చి పాటలు పాడి పోయారు. దాచిన గిటారు డబ్బు గొడ్లకు గడ్డి తేవడానికి వాడదామని అయ్యగారు అడిగితే, అందరికన్నా ముందు సరేనన్నది టీచరమ్మే. నాలుగు రోజులు బాగున్నప్పుడు మళ్ళీ కొంత పోగయ్యేది, మళ్ళీ బెంగళూరు పోయేవాళ్ళం, మళ్ళీ ఏదో ఒక లోపం దొరికేది. ఒకదానికి మెడ మందం, ఒకదానికి ఒళ్ళు తేలిక. ఆమె చెప్పిన ప్రతి లోపమూ ఉన్నదే. లేని లోపం ఒక్కటి కూడా ఆమె చెప్పలేదు. అట్లా ఏళ్ళు గడిచాయి. పాటల బృందం హార్మోనియంతోనే పాడింది.

ఆమె బడి నుంచి రిటైరైన ఏడాది గోరంట్లలో మూడు రోజుల ప్రార్థన కూటాలు పెట్టి నా మైకుసెట్టు మాట్లాడుకున్నారు. టీచరమ్మ కూడా నా వ్యానులోనే వచ్చారు. పందిట్లో వైర్లు పరుస్తూ తలెత్తి చూస్తే వేదిక మీద ఆ ఎర్ర గిటారు. రంగు అక్కడక్కడా పెచ్చులూడింది. దాన్ని వాయించేది ఒక బేల్దారి, గోడలు కట్టే మనిషి, సున్నానికి పగిలిన చేతులు. టీచరమ్మ నేరుగా వెళ్ళి, అడక్కుండానే మెడ అంచు మీద వేలు పెట్టారు.

"ఫ్రెట్లు బయటికి రాలేదా?"

"రాకుండా యాడికి పోతాయమ్మా. మొదటి ఎండాకాలమే వచ్చినాయి, చేతులు కోసుకుపోయె. ఆకురాయి తీసుకొని రుద్దినా."

"ఈ అతుకు కాడ?"

"సందు పడె. పెండ్లి పత్రిక ముక్క ఒకటి మడిచి దూర్చినా. ఈ బిరడా జారుతాది, పాట పాటకూ బిగిస్తాంటా." అతను తప్పు చేసినవాడిలా కాక, ఇంట్లో ముసలాయన జబ్బులు చెప్పినట్టు తీరిగ్గా చెప్పాడు. తరువాత గిటారు ఆమె చేతిలో పెట్టి, "మీరు బాగా వాయిస్తారంట గదా, ఒకటి వాయించండమ్మా" అన్నాడు.

ఆమె కూర్చుని ఒడిలో పెట్టుకున్నారు. అప్పటికే ఆమె రెండు చేతుల కణుపులూ వాచి గట్టిపడి ఉన్నాయి. సుద్దముక్క పట్టుకోవడానికే బడిలో చివరి రోజుల్లో అవస్థ పడ్డారు. మూడు వేళ్ళు తీగల మీద సర్ది నొక్కారు. స్వరం రాలేదు, తీగ బరబరమంది. ఇంకోసారి నొక్కారు. "నువ్వే వాయించప్పా" అని తిరిగి ఇచ్చేసి, వచ్చి ఆడవాళ్ళ వరసలో కూర్చున్నారు. ఆ రాత్రి కూటంలో బేల్దారి వాయించాడు. గొప్పగా ఏమీ కాదు, మధ్యలో ఆగి బిరడా బిగించుకున్నాడు కూడా. అతను వాయిస్తుంటే పందిరంతా చప్పట్లు కొడుతూ పాడింది. నేను ఆంప్లిఫయర్ దగ్గర నుంచి టీచరమ్మనే చూస్తున్నాను. చీర మీద, మోకాలి దగ్గర ఆమె వేళ్ళు మెల్లగా స్థానాలు మారుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. చేతిలో పని ఉన్నట్టు వైర్ల మీదికి వంగాను.

కూటాలు ముగిసి తిరిగి వచ్చేటప్పుడు ఆమె వ్యానులో నా పక్కనే కూర్చున్నారు. సగం దారిలో, నన్ను చూడకుండానే అడిగారు.

"నేను తప్పేం చెప్పలేదు గదా నాగరాజూ?"

"లేదు టీచరమ్మా. మీరు చెప్పినట్టే అన్నీ అయినాయి."

ఆమె వాచిన కణుపులు నిమురుకున్నారు. "ఆ పొద్దు తెచ్చుకొనింటే, నేను కూడా ఆ బేల్దారి మాదిరి రుద్దుకొని వాయించుకొనిందును గదప్పా?"

నేను గేరు మార్చాను. ఎదురుగా లారీ వస్తోందని దాని వంక చూశాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ తరువాత ఆమె ఎక్కువ కాలం లేరు. ఇప్పుడు గిటారు కొనాలంటే చుట్టుపక్కల వాళ్ళు నన్ను పిలుచుకుపోతారు. చర్చివాళ్ళు, ఆర్కెస్ట్రా వాళ్ళు, ఒకసారి గుమ్మఘట్ట నుంచి ఒక కన్నడ మేస్టరు కూడా వచ్చాడు. ఆమె నేర్పిన చూపు నన్ను వదలదు. సందులు, వదుళ్ళు, తడి, అన్నీ కనబడతాయి, అన్నీ దాచకుండా చెబుతాను. చెప్పి, "అయినా నీ చేతికి నచ్చిందా? నచ్చింటే పట్టుకొని పోప్పా, మిగతావి రుద్దుకోవచ్చు" అంటాను. వాళ్ళు సంతోషంగా తీసుకుపోతారు. నాకు సంతోషం ఉండదు. ఆ మాట వినవలసిన మనిషి వేరే. వ్యానులో ఆమె అడిగినప్పుడు నేను ఊరుకున్నది జవాబు తెలియక కాదు. వాయించుకొని ఉండేవారు టీచరమ్మా. ఆ ఏళ్ళన్నీ వాయించుకొని ఉండేవారు.