నడిచి తెచ్చిన పూలు

ఆషాఢం చివర్లో, ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున మా చిన్నత్త కన్నుమూసింది. ముందురోజు సాయంత్రం నాతో జామాయిల్ తోటల దాకా వచ్చిన మనిషి, అన్నం తిని పడుకుని మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. ఆమె మా వారి చిన్నాన్న భార్య. మాకు రెండిళ్ళ అవతలే ఉండేది. సత్తుపల్లి దాటి భద్రాచలం వైపు వెళ్ళే దారిలో మా ఊరు. ఊరి చివర జామాయిల్ తోటలు, అవి దాటితే అడవి.

ఆమెను ఇంకా వాకిట్లోకి తేకముందే, అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో ఒకామె నా వైపు తిరిగి, "రోజూ గంత దూరం నడిచె, ఏమొచ్చింది? ఇగ నువ్వన్నా ఇంటిపట్టున ఉండు వదినా" అంది. మిగతావాళ్ళు తలలూపారు. నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు కనుక ఊరుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ముందు అదే వస్తోంది.

నాకు నడకంటే మొదటినుంచీ పడదు. నడకనేముంది, ఒళ్ళు వంచే ఏ వ్యాయామమూ పడదు. మోకాళ్ళు నొప్పి, షుగరు, దానికి తోడు బరువు. డాక్టరు చూసినప్పుడల్లా నడవమ్మా అనేవారు. అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్లో వీడియోలు పంపేది. అందులో ఒక సన్నటి పిల్ల నవ్వుతూ చేతులు పైకెత్తేది. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. రోడ్డు మీద ఊరికే అటు పోయి ఇటు వస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారని సిగ్గు కూడా. నాలుగు రోజులు నడిచేదాన్ని, ఐదో రోజుకు ఏదో ఒక సాకు దొరికేది.

కానీ ఒక్క విషయం మాత్రం నన్ను లోపల కోసేది. నేను నేల మీద కూర్చోలేకపోయేదాన్ని. కూర్చుంటే లేవలేను. మా ఇంట్లో దేవుడి పీట నేల మీదే ఉంటుంది, మా అత్తగారి కాలం నుంచీ అంతే. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పూజ చేయాల్సి వచ్చింది. రాముడు కింద, నేను పైన. పువ్వు వేయాలంటే పైనుంచి విసిరినట్టు ఉండేది. దేవుడేమీ అనుకోడులే అని అందరూ ఓదార్చేవారు. నాకే సహించేది కాదు.

ఒకరోజు చిన్నత్త అది చూసింది. మందారాలు ఎక్కడివని మాత్రం అడిగింది. పెరట్లోవేనన్నాను. ఆమె పెదవి విరిచింది.

"పెరట్ల పూసింది దేవుడు నీకిచ్చింది కోడలా. నువ్వు దేవునికి ఇచ్చేది నడిచి తేవాలె. మా అత్త గట్లనే చెప్పేది."

అరవై డెబ్బై ఏళ్ళ కిందటి పెద్దల మాట అనగానే నేను కాదనలేకపోయాను. మర్నాడే పూలసజ్జ పట్టుకుని ఆమె వెంట బయలుదేరాను.

అలా మొదలైంది నా నడక. గన్నేరుపూలకు ఊరి ఆ కొసకు, గరికకు కాలువ గట్టుకు, ఫాల్గుణంలో మోదుగపూలకు అడవి అంచు దాకా. అన్నిటికన్నా కష్టం తుమ్మిపూలు. చేను గట్ల మీద చిన్న చిన్న మొక్కలు. గోరంత పువ్వు కోసం నడుము విరిగేలా వంగాలి. నేను కోయలేక నిలబడితే ఆమె కోసి నా సజ్జలో వేసేది కాదు. తన సజ్జ నిండగానే మూత పెట్టి గట్టు మీద కూర్చుని నన్ను తొందరపెట్టేది.

ఆమె ఏదో ఆరోగ్యానికి బొమ్మలాంటి మనిషని అనుకోకండి. నాకంటే లావు. దారి పొడవునా తిట్టేది. ఎండను తిట్టేది, దుమ్ము రేపుకుంటూ పోయే బొగ్గు లారీలను తిట్టేది, చీరకు పట్టుకున్న ముళ్ళను తిట్టేది. అలవాటైతే హాయిగా ఉంటుందని నాకు చెప్పనిది ఆమె ఒక్కతే. నాకు ఎన్నాళ్ళకూ హాయి అనిపించడం లేదని ఒకసారి విసుక్కుంటే, తనకూ ఏనాడూ అనిపించలేదంది.

"ఇష్టం పుట్టేదాకా ఆగితే పాడె మీదనే ఊరు దాటుతం. కాళ్ళను అడగొద్దు. పని చెప్పి తోలుకపోవాలె."

ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఏడాది తిరిగాక ఒకనాడు గుడిలో అయ్యగారిని అడిగాను, పెరటి పువ్వు పూజకు పనికిరాదని ఎక్కడ ఉందని. ఆయన ఆశ్చర్యపోయారు. స్వయంగా పెంచిన చెట్టు పువ్వును మించింది లేదమ్మా, ఆ మాట ఎవరన్నారు అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిపాటు పెరట్లో మందారాలన్నీ రాలిపోతుంటే, నేను కుక్కలకు భయపడుతూ ఊరంతా తిరిగాను. సరాసరి ఆమె ఇంటికే పోయాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"అయ్యగారికి మోకాళ్ళు మంచిగున్నయ్ గదా. ఆయనకెందుకు చెప్తరు ఇసొంటియి?"

"దేవుడి పేరు మీద అబద్ధమా చిన్నత్తా?"

"దేవుని మీద ఎందుకు చెప్త? మా అత్త మీద చెప్పిన. ఆమె ఏడ ఉన్నదో నన్ను అక్కడ అడుగుతదిలే." ఇంకో గింజ తీసి పక్కన పడేసి, కుర్చీ ఇంకా వేస్తున్నావా అని అడిగింది.

అప్పటికి పీట ముందు చాప మీద కూర్చోగలుగుతున్నాను. లేచేటప్పుడు మాత్రం తలుపు పట్టుకోవాలి. ఆ తలుపు లేకుండా లేవాలన్నదే నా ఆశ. కార్తీకం లోపల లేస్తావని ఆమె నమ్మకం. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు కానీ, పూలకు మాత్రం వెళ్ళాను, ఆమె వెనక కాస్త దూరంగా.

ఇప్పుడు ఆమె లేదు. మైల రోజుల్లో పూజ లేదు, పూలు లేవు, నడక లేదు. వచ్చిన చుట్టాలందరూ నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. పెద్దకర్మ అయి వాళ్ళు వెళ్ళేసరికి మోకాళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. ఏడాది పైన పడ్డ పాట్లు పది రోజుల్లో పోయాయంటే ఎంత చిరాకు వేసిందో చెప్పలేను. ఒళ్ళు ఎంత విశ్వాసం లేనిదో. దీపం పెట్టే రోజు మా వారు మంచి మనసుతోనే ఆ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పీట ముందు వేశారు. పెరట్లో మందారాలు విరగబూసి ఉన్నాయి. చేయి చాపితే చాలు. అయ్యగారు కూడా అదే మంచిదన్నారు.

సజ్జ తీసుకుని బయలుదేరాను. మా వారు ఎక్కడికని అడిగారు. పూలకు అన్నాను. తోడు ఎవరని అడగబోయి ఆగిపోయారు.

దారంతా బురద. పత్తి చేను గట్టు మీద తుమ్మిపూలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వంగి కోస్తుంటే నడుము పట్టేసింది. విసుగొచ్చి, ఏమీ ఆలోచించకుండా గట్టు మీద కూలబడ్డాను. కూర్చున్నాక తెలిసింది ఏం చేశానో. పట్టుకోవడానికి తలుపు లేదు, చెట్టు లేదు. చుట్టూ మనిషి లేడు. చాలాసేపు అలాగే ఉన్నాను. ఆమె మీద, నా కాళ్ళ మీద, ఆ నాలుగు తెల్లపూల మీద కోపం వచ్చింది. తర్వాత పక్కకు ఒరిగి, ఒక మోకాలు ఆనించి, రెండు అరచేతులూ నేలకు గట్టిగా నొక్కి, మూలుగుతూ లేచి నిలబడ్డాను.

వెనక్కి తిరిగి చూస్తే ఎర్రమట్టిలో నా రెండు చేతుల అచ్చులు, వేళ్ళతో సహా, లోతుగా దిగబడి ఉన్నాయి. వాటిలోకి చిన్నగా నీళ్ళు ఊరుతున్నాయి.