కోటత్త, డీజిల్ ట్యాంకు మూత

నిన్న పొద్దున ఆటోనగర్‌లో మా పికప్‌కి ఆయిల్ మార్పిస్తుంటే నాన్న ఫోన్.

"మీ అత్త వెళ్లిపోయిందమ్మా. నిద్రలోనే."

నాకు బుర్రకెక్కలేదు. మొన్న సాయంత్రమే కదా, "నువ్వొచ్చాక గుడివాడ వైపు పోదామే, చీరలు సర్దేశాను" అంది!

ఆ మూటలు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం: కోటేశ్వరమ్మ మా నాన్నకి అక్క. పెడనలో ఏళ్ల తరబడి మగ్గం నేసింది. మోకాళ్లు మొరాయించాక మా చీరలు ఊరూరా తిరిగి అమ్మింది. బండి నాది, బేరం తనది. డిగ్రీ అయ్యాక ఇంట్లో కాలు నిలవని నాకూ, కూర్చోవడం చేతకాని తనకూ ఆ పాత పికప్పే లోకం.

రెండేళ్ల కిందట, దసరా అయిన దగ్గర్నుంచి అది మొండికేసింది.

అరగంట బాగానే వెళ్లేది. తర్వాత యాక్సిలరేటర్ ఎంత తొక్కినా పవర్ ఉండదు. దగ్గి దగ్గి ఆగిపోయేది. పావుగంట వదిలేస్తే మళ్లీ స్టార్ట్.

మా మెకానిక్ ఖాసిం గారు డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఎయిర్ ఫిల్టర్ మార్చారు. పైపులు విప్పి ఊదారు. చివరికి "ఇక పంపు దించాల్సిందేనమ్మా" అన్నారు.

నాన్న అమ్మేస్తానన్నాడు. ఆదివారం చూసుకోవడానికి ఒక పార్టీ కూడా ఫిక్స్.

బండి పోతే అత్త మూట ఎత్తుకుని బస్సులెక్కాలి. ఆ మోకాళ్లతో జరిగే పని కాదు. అంటే ఇక ఇంట్లోనే. ఇద్దరికీ అదే భయం, పైకి మాత్రం అనలేదు.

శనివారం హనుమాన్ జంక్షన్ వైపు వెళ్లాం, ఇదే ఆఖరి ట్రిప్ అనుకుంటూ. దారిలో దగ్గు మొదలైంది. ఎలాగో బంకు దాకా ఈడ్చుకెళ్లాను. ట్యాంకు మూత తీశారు, సరిగ్గా అప్పుడే కరెంట్ పోయింది. జనరేటర్ రిపేరట. మూత పెట్టించుకుని బయల్దేరాం.

బండి లోడుతో ఫ్లైఓవర్ కూడా అలవోకగా ఎక్కేసింది!

అత్త వంగి డీజిల్ ముల్లు చూసింది. తర్వాత,

"చుక్క డీజిల్ పొయ్యలేదు కదే. మరెట్టా లాగతంది?"

"ఏమో అత్తా. దాని మూడ్."

"మూడా, నా మొహమా! మగ్గం ఆగితే పోగు ఎక్కడ తెగిందో ఎతుక్కుంటాం గానీ, మూడంటామా? బంకులో ఏం చేశారు? మూత తీశారు, పెట్టారు. అంతేగా?"

అరగంటకి మళ్లీ దగ్గు. ఈసారి అత్తే కుంటుకుంటూ దిగింది. "తాళం ఇట్టా ఇయ్యి" అని మూత తిప్పింది.

ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. బండి మొదటి సెల్ఫ్‌కే లేచింది.

తిన్నగా ఆటోనగర్. డీజిల్ తగ్గే కొద్దీ లోపలికి గాలి వెళ్లడానికి ఆ మూతలో సన్నని కంత ఉంటుందట. ఖాసిం గారు సూదితో గీకితే పచ్చటి ముద్ద ఊడి వచ్చింది.

పసుపు.

దసరాకి బండి పూజ చేసింది అత్తే. "తిండి తినే నోరు కదే" అని ట్యాంకు మూతకి స్పెషల్‌గా, దట్టంగా పూసింది.

"నా సర్వీసులో పసుపు రిపేరు ఇదే ఫస్టమ్మా," ఖాసిం గారికి నవ్వాగలేదు.

ఇంకొకరైతే దాచేవారు. అత్త మాత్రం ఆదివారం వచ్చిన పార్టీకి కాఫీ ఇచ్చి మరీ చెప్పింది: "బండికేం రోగం లేదు బాబూ. దాని ఊపిరి నేనే మూసేశాను. అమ్మం."

ఆ తర్వాత చీర కొన్న ప్రతి ఆవిడకీ ఈ కథ ఫ్రీ. ఖాసిం గారు 'పసుపమ్మ గారు' అని పిలిస్తే మురిసిపోయేది.

నిన్న ఫోన్ పెట్టేశాక ఆయనకి చెప్పాను. చేతులు తుడుచుకున్నారు. తర్వాత వెళ్లి ట్యాంకు మూత తీసి, చూసి, మళ్లీ పెట్టారు.

"ఎళ్లమ్మా. దార్లో ఆగదు."

సాయంత్రం అత్తని ఆ బండిలోనే తీసుకెళ్లాం. పూలదండలు కడుతున్నవాళ్లకి ఒక్కటే చెప్పాను, ట్యాంకు మూత మీద మాత్రం వద్దని.

ఏడుస్తున్న నాన్న ఫక్కున నవ్వేశాడు.

నేనే నడిపాను అత్తా. ఎక్కడా ఆగలేదు.

ఇక మోకాళ్లు చాపుకుని హాయిగా పడుకో. గుడివాడ చీరలు నేను చూసుకుంటాను.