నాలుగో బటన్

పిల్లల చేత ఓటు ప్రతిజ్ఞ చేయించే పెద్దమనుషులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్రలోభాలకు లొంగబోమని, భయపడబోమని నేనూ బడిలో చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేసినదాన్నే. నా ధైర్యం ఏపాటిదో ఎన్నికల రోజు పదకొండు గంటలకు తేలిపోయింది.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఉన్న మా ఊళ్లో మా బడే పోలింగ్ కేంద్రం. నడవలేని ఓటర్లను చక్రాల కుర్చీలో గేటు నుంచి గది దాకా తోసుకెళ్లడానికి పదో తరగతి నుంచి ఆరుగురిని తీసుకున్నారు. తెల్ల టోపీ పెట్టి, మెడలో కార్డు వేశారు. ముందు రోజు సారు ఒక నియమం రెండుసార్లు చెప్పాడు. చూపు లేనివాళ్లకు తోడుగా లోపలికి వెళ్లి బటన్ నొక్కే మనిషికి కుడి చూపుడు వేలి మీద సిరా పెడతారు. ఒక మనిషి రోజు మొత్తంలో ఒక్కరికే తోడు పోవాలి.

మా నాయనమ్మకు రెండు కళ్లూ పోయి మూడేళ్లయింది. అయినా తోడు వద్దంది. బటన్లు పైనుంచి కిందికి వరుసగా ఉంటాయని నేను చెప్పగానే బీపీ గోలీల అట్ట తెమ్మంది. నిలువుగా పట్టుకుని ఒక్కో గోలీ తడుముతూ నాలుగో దాన్ని నొక్కేది. గోలీ కింద పడేది. అలా రెండు అట్టలు పాడు చేసింది. నాన్న తిట్టాడు. నాలుగో గుర్తే ఎందుకని అడిగితే మాత్రం "నీకెందుకే" అంది.

లేబర్ కాంట్రాక్టర్ మా ఊరివాడే. పొలం పోయాక నాన్నను మందుల ఫ్యాక్టరీలో పెట్టించింది అతనే. ఆ సంగతి మేం ఎక్కడ మర్చిపోతామోనని కనిపించినప్పుడల్లా గుర్తుచేసేవాడు. ఆ రోజు ఇంటింటికీ ఆటో పంపి ముసలివాళ్లను పోగేశాడు. ప్రసాదం పంచే మొహం పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అతని పార్టీది రెండో బటన్. పొద్దున చూపు ఆనని ఒక తాతకు తోడు వెళ్లి, వేలికి సిరాతో బయటికొచ్చాడు. తాతను తోసింది నేనే కాబట్టి కళ్లారా చూశాను.

పదకొండింటికి నాయనమ్మ వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి తోస్తుంటే అతను ఎదురొచ్చాడు. కుడి చూపుడు వేలికి కొత్తగా పట్టీ కట్టుకుని ఉన్నాడు. పొద్దున లేని దెబ్బ అంతలోకే ఎక్కడ తగిలిందో దేవుడికెరుక.

"అవ్వా, నీకు కనవడదు గద. నేనొస్త పా."

"ఒద్దు బిడ్డా. నా మనుమరాలు తలుపు దాక తోల్తది. ఆడికెళ్లి నేనే నొక్కుత."

అతను ఆమె వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "రేపు మీ నాయినది ఫస్ట్ షిఫ్టే గద?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

గది గుమ్మంలో పోలింగ్ అధికారి తోడెవరని అడిగాడు. నాయనమ్మ నోరు తెరిచేలోపే, వెంటే వచ్చిన కాంట్రాక్టర్ "నేనే సార్" అన్నాడు. "సార్, ఆయన పట్టీ విప్పించండి" అంటే చాలు. అంతకంటే అక్కర్లేదు. తరగతిలో నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు, అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. కుర్చీ పిడి మీద నుంచి నా చేతులు వాటంతటవే జారాయి. నాయనమ్మ వెనక్కి చెయ్యి చాచి నా చేతికోసం తడిమింది. పిడి మీద అప్పటికే అతని చెయ్యి ఉంది. అధికారి పట్టీ చూసి, పాపం అనుకున్నాడో ఏమో, పక్క వేలికి సిరా పూసి ఊరుకున్నాడు. అంత గుడ్డితనం నాయనమ్మకు కూడా లేదు.

లోపల బీప్ మోగింది.

"నాలుగోదే నొక్కిన అవ్వా" అని అతను గేటు దాకా చెబుతూనే వచ్చాడు. సాయంత్రం నేను టోపీ తీసి ఇంటికి వెళ్లేసరికి గోలీల అట్ట చేతిలో పట్టుకుని కూర్చుంది.

"వాని చెయ్యి మీద నా చెయ్యి ఏసిన. ఒకటి, రెండు. ఆడ్నే ఆగింది" అంటూ రెండో గోలీ నొక్కింది. "నువ్వు కుర్సి ఎందుకు ఇడిసినవ్?"

"నాయిన పని పోతదని."

"నా ఓటు వానికిచ్చే ముంగట నన్నన్న అడగకపోతివి."

ఆ రోజు పనికి నాకు ప్రశంసాపత్రం వచ్చింది. సేవాభావం, నిబద్ధత అని దానిమీద అచ్చువేశారు. నాన్న ఫ్యాక్టరీ గేటు పాసు నాలుగు నెలలు కూడా నిలవలేదు. ఇంకా తక్కువ కూలికి మనుషులు దొరకగానే కాంట్రాక్టర్ అదే మర్యాదతో వెనక్కి తీసుకున్నాడు. అతన్ని నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశం కూడా లేదు. నన్ను నేను క్షమించుకునే పని కూడా అలాగే పడి ఉంది.

ఐదేళ్లకు మళ్లీ ఎన్నికలొచ్చాయి. నాకు ఓటొచ్చింది. తోడు వెళ్లే వయసూ వచ్చింది. ఈసారి నా వేలికే సిరా పెట్టించుకుంటానని, ఆమె చెప్పిందే నొక్కుతానని ఇంట్లో అందరికీ చెప్పాను. గుమ్మంలో అధికారి తోడెవరని అడిగాడు. నేను కుడి చెయ్యి ముందుకు చాచాను.

"తోడు ఒద్దు సారూ" అంది నాయనమ్మ. "మిషిన్ మీద నా చెయ్యి వెట్టుండ్రి, సాలు."

నేను బయటే ఆగిపోయాను. చాలాసేపటికి బీప్ మోగింది. గోడ పట్టుకుని ఆమె గుమ్మం దాకా వస్తే, తెల్ల టోపీ పెట్టుకున్న ఎవరో పిల్ల కుర్చీ తెచ్చింది. నా చెయ్యి ఇంకా చాచే ఉంది. నాయనమ్మ కూర్చుని, వెనక్కి తడిమి, పిడి మీదున్న ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"గేటు దాక ఇడువకు బిడ్డా" అంది.