అమావాస్యనాడు ఫోటోల గది

రెండు బస్సులు మారి కేజీఎఫ్ చేరాను. బట్టల కొట్టు శెట్టిగారు గని కార్మికుల పాత ఫోటోలు సేకరించి, మేడమీది గదిలో అందరికీ చూపిస్తున్నారని విన్నాను. ఆయన తలుపు తీస్తే గోడనిండా ఉత్త మేకులే.

“ఫోటోలేవండీ?”

“ఈ పొద్దు పెద్దల అమావాస్య కదప్పా. ఎవురి తాతను వాళ్లు పూజకు ఎత్తుకొని పోయినారు. ఇండ్లలో ఇంగ వేరే పటం లేదు. రేపు తెచ్చిస్తారు.”

నాకు ఒళ్లు మండింది. “బయట బోర్డు పెట్టొచ్చు కదా?”

“ఊర్లో అందరికీ తెలుసు కదప్పా.”

మూలన ఒక్క పటం మిగిలింది. ఎవరో తెల్లదొర, ఒకప్పటి గని మేనేజరట.

“ఆయప్పకు ఈడ ఎవురున్నారు? అందుకే నేనే పువ్వు పెట్టినాను,” అన్నారు శెట్టిగారు.

వచ్చినందుకు ఆ ఒక్కటైనా చూద్దామని దగ్గరికి వెళ్లాను. బంతిపువ్వు సరిగ్గా దొర ముఖానికి అడ్డంగా ఉంది.