బరఫ్ బండిలో చలికాలం

మొన్న మీరు ఫోనులో పంపిన వీడియో చూశాను. ఏదో చలిదేశంలో మంచు మీద జారుతూ పోయే బస్సు. చలికాలం నాలుగు నెలలే నడుస్తుందట. "నానమ్మా, ఇట్లాంటిది నువ్వెప్పుడైనా చూశావా?" అని అడిగారు కదా. చూడకేం? మా సూరత్‌లోనూ చలికాలం మాత్రమే జనాన్ని ఎక్కించుకునే బండి ఒకటి ఉండేది. కాకపోతే మీ బస్సుకు మంచు కింద ఉంది, మా బండికి లోపల ఉండేది.

తొంభైలలో మాట. గోడాదరాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రాత్రీపగలూ ఆడే మా గల్లీకి ఎండాకాలమంతా ఒక బరఫ్ బండి వచ్చేది. నాలుగు వైపులా మందంగా, కిటికీ అన్నది లేకుండా కట్టిన పెద్ద డబ్బా లాంటి టెంపో. గోనెపట్టాల్లో చుట్టిన మంచుగడ్డల్ని అందులో తెచ్చేవారు. చలి మొదలయ్యేసరికి మంచు కొనే నాథుడు ఉండడు కదా, అప్పుడు ఆ బండివాడు లోపల రెండు చెక్క బల్లలు వేసి, గోడలకు ఆ గోనెపట్టాలే కొట్టి, వెనక తలుపు సగం తెరిచి గొలుసుతో కట్టి, దానికి పాత బొంత ఒకటి వేలాడదీసి, పొద్దున్నే "స్టేషన్, స్టేషన్" అంటూ మనుషుల్ని ఎక్కించుకునేవాడు. కూరగాయలు తెచ్చుకునే ఆడవాళ్ళు, రాత్రి పాళీ, అదే నైట్ షిఫ్టు, దిగిన కార్మికులు, బడిపిల్లలు అందరూ అందులోనే. గాలి తగలదు, వెచ్చగా ఉంటుంది అనేవారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఆ బండి మీద నమ్మకం లేదు. మంచు కరగకుండా దాచే డబ్బాలో మనుషుల్ని వేసి తలుపు వేస్తాడా ఎవడైనా? పైగా బండివాడు కళ్ళు మాత్రమే కనపడేలా మఫ్లర్ చుట్టుకునేవాడు. ఏ ఊరివాడో, ఎవరి మనిషో గల్లీలో ఎవరికీ తెలియదు. మాట్లాడించబోతే కళ్ళతో నవ్వేవాడు. నవ్వేవాణ్ణి అయితే నేను అసలే నమ్మను.

మీ మేనత్త, అంటే నా పెద్దబిడ్డ, అప్పుడు పదో తరగతి. బడి స్టేషన్ దారిలోనే కాబట్టి ఆ బండిలోనే పోయేది. ఒక సాయంత్రం దాని జడ విప్పి దువ్వుతుంటే వెంట్రుకల్లో గరుకు పీచు తగిలింది. వేళ్ళతో నలిపి చూశాను. నేతపనివాళ్ళ ఇంటిదాన్ని, పోగు చేతికి తగిలితే చాలు, ఏదో చెప్పేస్తాను. మా ఇంట్లో ఉన్నదంతా పాలిస్టర్, ఇది జనపనార. మర్నాడూ ఉంది, ఆ మర్నాడూ ఉంది. గోనెసంచుల మీద తల పెట్టుకుని పడుకుంటే తప్ప అంత పీచు పట్టదు. గోనెసంచులు ఎక్కడుంటాయి? స్టేషన్ దగ్గర పార్సిల్ గోదాముల్లో. గోడలకు కొట్టిన పట్టాలు నాకు తట్టనే లేదు, గోదాములే కళ్ళ ముందు కనపడ్డాయి. అదే వారంలో పక్కింటి పిల్లతో టీచరు కబురు పంపింది, మొదటి పీరియడ్‌లో ఈ పిల్ల కనపడటమే లేదని. మీ తాత అన్నం ముందు నుంచి లేచాడు.

"ఇంకొక్కసారి గిట్ల కబురొస్తే బడి బంద్. సాంచాల కాడ కూసుండి బాబిన్లు చుట్టుకుంటది, అంతే!"

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. పిల్లను అడిగితే బడికే పోతున్నానంటుంది. మర్నాడు నేను తల మీదుగా శాలువా కప్పుకుని, దాని వెనకే బండెక్కి తలుపు పక్కన మూలకు కూర్చున్నాను. లోపల మసక చీకటి, తడిసిన గోనె వాసన. బండి కదలగానే ఒక వింత జరిగింది. మా గల్లీ సాంచాల చప్పుడు ఆ మందపాటి గోడల అవతలే, ఎవరో నోరు మూసినట్టు ఆగిపోయింది. నేను చెవిలో వేలు పెట్టి తిప్పుకుని చూశాను, చెవులే పోయాయేమోనని. బడి వచ్చింది. నా బిడ్డ దిగలేదు! స్టేషన్ వచ్చింది, అందరూ దిగారు. అది దిగలేదు. బండివాడు ఇంజను ఆపి వెనక్కి నడిచి వస్తున్న అడుగులు వినపడ్డాయి. దొరికావురా అనుకుంటూ కాలి చెప్పు చేతిలోకి తీసుకున్నాను.

బొంత పక్కకు తొలగింది. నన్నూ నా చెప్పునూ చూసి ఆ మనిషి మఫ్లర్ మీదుగానే పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "ధీమే, బెన్. ఛోకరీ సూఈ గఈ ఛే." మెల్లగా అక్కా, పిల్ల నిద్రపోయింది అని గుజరాతీలో. తిరిగి వెళ్ళేటప్పుడు బడి దగ్గర దింపుతానని చేత్తో సైగ చేశాడు. చూస్తే నా బిడ్డ గోడకున్న గోనెపట్టాకు తల ఆనించి, నోరు తెరుచుకుని, పసిపిల్లలా పడి ఉంది. లేపాను.

"అమ్మా! నువ్వేంది గీడ?"

"ఇంట్ల మంచం లేదానే నీకు?"

"మంచం ఉంటే అయితదా? నిద్ర పట్టద్దా? రాత్రంతా కింద సాంచాలు..."

"పుట్టినప్పటి సంది గా సప్పుడులనే పండినవ్ కదనే. సాంచ ఆగితేనే లేచి ఏడ్చేటిదానివి!"

"అప్పుడు నాకు పరీక్షలున్నయానే? పుస్తకం తెరిస్తే అక్షరాలు గూడ ఊగుతున్నయ్. గీ బండిల జర కన్ను మూస్త. లేసేసరికి స్టేషన్ వస్తది."

సాంచాల చప్పుడులో నిద్రపట్టని మనిషి ఉంటుందని మా ఇంటావంటా ఎవరం అనుకోలేదు. మాకు అది జోలపాటే. అయినా నేను పూర్తిగా నమ్మలేదు. మర్నాటి నుంచి తెల్లవారగానే వచ్చే మొదటి ట్రిప్పుకే దాన్ని ఎక్కించి, పక్కన నేనూ కూర్చున్నాను. స్టేషన్ దాకా పోయి వచ్చేదాకా అది నా భుజం మీద నిద్రపోయేది, నేను బండివాడి మీద కన్నేసి ఉంచేదాన్ని. గంట కొట్టకముందే బడిలో దిగేది. ఇక అనుమానం మీ తాతకు పట్టుకుంది. "తల్లీబిడ్డలు పొద్దుగాల యాడికి పోతున్రే?" అంటూ ఒకరోజు రాత్రి పాళీ దిగి నేరుగా బండెక్కాడు, మమ్మల్ని పట్టుకుందామని. మా గల్లీ మలుపు తిరగకముందే ఆయన గురక మొదలైంది. బండివాడు ఆయన్నీ లేపలేదు. ఆ తర్వాత మా ఇంట్లో బాబిన్ల మాట ఎవరూ ఎత్తలేదు.

మీ మేనత్త పది పాసైంది, పైచదువులూ చదివింది. అయితే పరీక్షలు ఇంకా రెండు మిగిలి ఉండగానే ఒక పొద్దున మేమిద్దరం ఎప్పటిలాగే మలుపు దగ్గర నిలబడితే, ఆ బండి నీళ్ళు కారుస్తూ మా ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోయింది. వెనక తలుపు సందులోంచి చూస్తే లోపల బల్లల్లేవు, మంచుగడ్డలున్నాయి. బండివాడు చెయ్యి ఊపాడు. మఫ్లర్ లేదు. అతని ముఖం నేను చూడటం అదే మొదలు, అప్పటికే అది నాకు తెలిసిన ముఖంలా అనిపించింది. ఒక కాలం అయిపోయిందని ముందుగా వచ్చి ఎవరూ చెప్పరు పిల్లలూ, మర్నాడు కూడా అక్కడికే వెళ్ళి నిలబడినప్పుడు మనకే తెలుస్తుంది.