తడిసిన బుడ్డలు

ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో ఉరుకుందమ్మ గానుగ ఆడించేది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ గానుగ, ఒక ముసలి ఎద్దు. రైతులు వేరుశెనగ బుడ్డలు ఒలిచి తెచ్చి నూనె పట్టించుకునేవారు, నూనె దిగాక మిగిలిన చెక్కను కూలి కింద వదిలేవారు. వాన తప్పిన ఏళ్లలో గానుగ ఊరికే పడి ఉండేది.

వేరుశెనగ ధర పడిపోయిన ఏడాది సావుకారు నాగలింగప్ప వచ్చాడు.

"పప్పు నేనే పంపుతానమ్మా. నూనె నాకియ్యి, చెక్కంతా నువ్వే పెట్టుకో. ఏడాది పొడుగునా గానుగ తిరుగుతాది."

"నామీద ఇంత దయ ఏమయ్యా?"

"నాకు నూనె కావాల."

బస్తాకు ఇంత నూనె రావాలన్నాడు, తగ్గితే చెక్కలో కోత అన్నాడు. ఆమెకు మనసొప్పలేదు. కానీ ఎద్దుకు మేత లేదు.

మొదటి నెలలోనే నూనె తగ్గింది. సావుకారి గుమాస్తా వచ్చి కుండలు, గాదె, చివరికి ఎద్దు కొట్టం కూడా వెతికిపోయాడు. నూనె దొంగిలిస్తోందని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉరుకుందమ్మకేమో సావుకారి తూకం మీద అనుమానం. ఒకరోజు పప్పు పంటి కింద వేసి చూసింది. పటుక్కుమని విరగలేదు, మెత్తగా నలిగింది. బస్తా అంతా ఎండబోసి సాయంత్రం తూచితే బాగా తగ్గింది. నీళ్లు కలిపింది సావుకారేనని అప్పుడే తీర్మానించుకుంది.

మరునాడు తమ్ముడు శేషన్న కళ్లానికి పోయింది. అతను కాయల కుప్ప మీద చెంబుతో నీళ్లు చల్లుతున్నాడు.

"ఏం చేస్తాండావురా?"

"దుమ్ము అణగాలని..." అంటూ చెంబు కింద పెట్టాడు. "విత్తనాలకని సావుకారు ముందే దుడ్లు ఇచ్చినాడక్కా. పంటొచ్చినాక ఆయన చెప్పిందే ధర. సంతలో ఎక్కువ పలికినా ఆయనకే ఎయ్యాల. తూకంలో ఇంత బరువు కలపకుంటే పిల్లోళ్లకేం పెట్టేది? అందరూ ఇట్లే చేస్తాండారు."

"ఆ కాయల పప్పే నా గానుగకు వస్తాండాదిరా. నన్ను దొంగంటాండారు."

శేషన్నకు ఆ సంగతి తెలియదు. తల వంచుకున్నాడు.

ఆమె సావుకారు దగ్గరకు పోయి పొడి పప్పే పంపమంది.

"తడిపినోళ్లెవరో చెప్పు."

ఆమె చెప్పలేదు.

"అట్లయితే నీకూ అందులో వాటా ఉండాది."

"నువ్విచ్చే ధరకు పొడి కాయలు యాడొస్తాయి సావుకారూ?"

అంతటితో బస్తాలు ఆగిపోయాయి. ఆమె వేసవంతా చేలల్లో కూలికి పోయింది. మరుసటి పంటకు సావుకారి అప్పు తీరగా మిగిలిన కాయలు పొడిగా తెమ్మని రైతులను అడిగింది. నూనె సంతలో అమ్మి, వచ్చింది పంచుకుందామంది. వాళ్లు తెచ్చారు గానీ, చివరి చుక్క దిగేదాకా గానుగ పక్కనే కూర్చున్నారు. ఆమె కూడా ప్రతి బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. గానుగ సావుకారి రోజులకంటే తక్కువ ఆడింది, కోత లేక చెక్క మాత్రం ఎక్కువ మిగిలింది. రెండేళ్లకు ముసలి ఎద్దును మార్చగలిగింది.

శేషన్న కాయలను కూడా ఎండబోయనిదే ముట్టేది కాదు.

"నన్నుగూడా నమ్మవా అక్కా?"

"నువ్వే గదరా చెంబు పట్టుకోనుండింది."

అతను మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. పొద్దు వాలినాక వచ్చి, ఎండిన కాయలు తానే బస్తాకెత్తాడు.